ఓబులేసు శ్రుతి

పన్నెండేళ్లుగా నా ఉద్యోగం ఒక్క స్వరం.
చెన్నైలో, హాలు దీపాలు తగ్గంగానే
నేను 'ఏ' అంటాను.
ముప్పై వయొలిన్లు మెడలు తిప్పి
దాంట్లోకి వచ్చి సర్దుకుంటాయి.
దానికెవరూ చప్పట్లు కొట్టరు.
అది సంగీతం కాదు,
సంగీతం వచ్చి కూర్చోడానికి తుడిచిన గచ్చు.

ఈ వేసవిలో ఆ గచ్చు యాడ కోస్తారో చూద్దామని
తాడిపత్రి వచ్చినా.

కడప రోడ్డులో రేకుల షెడ్డు.
నాలుగడుగుల చక్రం, దాని పళ్లమీద గొట్టం నీళ్లు,
కింద మజ్జిగ మాదిరి పారే రాతిబురద.
"సినిమాకా?" అని ఓనరు రెండుసార్లు అడిగి
కాదంటే పాపమన్నట్టు చూసి ఒప్పుకున్నాడు.
పెట్టె తెరిచి ఓబో అనంగానే
చక్రం దగ్గరి మనిషి తిరిగి చూసినాడు.
"నన్నేనామ్మా పిలిచింది?
నా పేరు ఓబులేసు. ఇంట్లో ఓబో అనే కేకేస్తారు."

నా కాగితంలో అయిదు గీతలు లేవు.
పెన్సిల్ వంకరలు, పక్కన నిమిషాలు:
రాయి మొదలు.
నేను ఆలస్యంగా.
ఇద్దరం తప్పుగా.

ఖాళీగా తిరిగేటప్పుడు చక్రం నాకన్నా రవ్వంత పైన పాడుతుంది.
నాపరాయి పంటికి తగలంగానే గొంతు కుంగుతుంది.
నల్లరాయికి ఒక తీరు, పచ్చరాయికి ఇంకో తీరు.
వెంటపడి నేనూ కుంగినా.
వేళ్లు తప్పుగా పెట్టి, పీకను పెదాల మధ్య నలిపి ఊదితే
ఒక్క ఊపిరి రెండు స్వరాలై చీలింది.
చదువుకునే రోజుల్లో ఇందుకే కదా
టీచరు పెన్సిల్‌తో నా కణుపులమీద కొట్టింది!
ఇప్పుడు దానికి కాగితంలో ఒక గుర్తుంది,
ముల్లు మాదిరి.

మా మేనమామ చిన్న దస్తగిరి సన్నాయికి
దారంతో పీకలు వేలాడేవి.
పందిట్లో ఒకటి చీలితే ఇంకోటి, ముహూర్తం ఆగదు.
"ఎండిన పీక అబద్ధం చెప్తాదిమే" అంటా
బుగ్గలో పెట్టుకుని నానబెట్టేవాడు.
ఈ దుమ్ములో నా పీక అయిదు నిమిషాలకే
అబద్ధాలు మొదలుపెట్టింది.

మధ్యాన్నం ఓబులేసు అడిగినాడు,
"శానా ఊపిరి కావాల్నేమో దీనికి?"
కాదన్నా.
దీని రంధ్రం వెంట్రుకంత.
ఊపిరి చాలక కాదు, మిగిలిపోయి చస్తాం.
వాడని గాలి రొమ్ములో పులిసిపోతుంది,
కొత్తది పీల్చే ముందు పాతది పారబోయాల.
ఆయన కాసేపు మాట్లాడలేదు.
"మిగుల్తాదా!" అన్నాడు,
ఎవరింట్లోనో బియ్యం సంగతి విన్నట్టు.
తర్వాత దగ్గు. ఇరవై రెండేళ్ల రాతిపొడి.
రికార్డరు ఆన్‌లోనే ఉంది.
నేను ఆపలేదు. ఎందుకు ఆపలేదో
ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

నాలుగింటికి ఆయనే అన్నాడు:
"పొద్దున మొదట ఒక కూత కూసినావే, అది ఇంకోసారి ఇయ్యి."
'ఏ' ఇచ్చినా.
తల వంచి విని, బల్లను వేలెడంత వెనక్కి లాగి
రాయిని మెల్లగా, ఇంకా మెల్లగా పళ్లకందించినాడు.
చక్రం దిగొచ్చి నా స్వరంమీద నిలబడింది.
ఏ వయొలినూ అంత మర్యాదగా రాలేదు.

అప్పుడు కరెంటు పాయె.

చక్రం ఒక్కసారిగా ఆగదు.
తన బరువుతో తిరుగుతా, స్వరం జారుతా,
మెట్టు మెట్టుకీ నిలవకుండా జారుతా ఉంటే
నేనూ దాంతోపాటు దిగినా,
వేలు వెనక వేలు మూసుకుంటా.
ఓబోకి అడుగు స్వరం ఒకటుంది.
దాని కింద మెట్లు లేవు.
చక్రం ఇంకా దిగుతా ఉంది.

పీక నోట్లోనే పెట్టుకుని ఊదకుండా నిలబడినా.
గొట్టంలోంచి నీళ్లు, బొట్టు, మళ్లీ బొట్టు.
రేకుమీద ఎండ చిటుక్కుమంది.
చీకట్లో ఓబులేసు దగ్గు ఆపుకుంటా అడిగినాడు:

"ఇది రాసుకున్నావా?"